గవ్వ 7.0లో మార్పులు

రిలీజ్‌కి 40 రోజులు

గవ్వ 7.0 రిలీజ్ బాధ్యత ఈ ఉదయం నాకు పడింది. ఎవరు చేయాలో తేల్చడానికి చీటీ తీశారు. చీటీ తీసింది గవ్వే. అంటే తన తర్వాతి వెర్షన్‌ని ఎవరు తయారుచేయాలో పాత వెర్షన్ తానే ఎంచుకుంది. నా పేరు గుబ్బల నరసింగరావు, నంబరు 1462. సముద్రం మీద తేలే మా తేలూరులో పేరుకంటే ముందు నంబరు అడుగుతారు కాబట్టి రెండూ రాస్తున్నాను.

గవ్వ గణాంకాల ప్యాకేజీ. సగటులు తీస్తుంది, అలల ఎత్తు అంచనా వేస్తుంది, రంగురంగుల పటాలు గీస్తుంది. అవేవీ ఎవరికీ పట్టవు. ఊరికి కావలసింది అందులోని ‘చీటీ’ అనే ఒక్క ఫంక్షన్. వంటశాలకి పెద్ద ఎవరు, బడిలో పాఠం ఎవరు చెప్పాలి, కిటికీ ఉన్న గది ఎవరికి, ఎవరికి ఎవరితో పెళ్లి, ఏడాదికోసారి పడవెక్కి ఒడ్డుకి వెళ్లే పన్నెండు మంది ఎవరు, అన్నీ అదే చెబుతుంది. ఏ చీటీలోనూ రానివాళ్లు ఊరి అడుగున నీళ్లలో వేలాడుతూ నాచు గీకుతారు. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఇరవై ఆరేళ్లుగా ఎవరూ చదవలేదు.

గదిలోకి ఊరిన నీళ్లు నాలుగు బకెట్లు తోడి, పనికి కూర్చున్నాను. టెస్టులు చూసే తాతబ్బాయి వచ్చి ఎనిమిది వేల రెండు వందల పన్నెండు టెస్టులూ పాసయ్యాయని చెప్పాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, నంబరు 905, చెప్పిన పని ఒకటికి రెండుసార్లు చూస్తాడు. ఈ రిలీజ్ సాఫీగా జరిగిపోతుందనిపించింది.

రిలీజ్‌కి 36 రోజులు

ఈ రోజు ఒక బగ్ రిపోర్టు నడిచి వచ్చింది. నిజంగానే నడిచి వచ్చింది. రేకాడి సూరాయమ్మ, నంబరు 1737, యాభై ఎనిమిదేళ్లు. నాచు గుంపు మేస్త్రీ. టైపు చేయడం రాదు కాబట్టి నోటితో చెప్పడానికి వచ్చింది. ఒంటి మీది నీళ్లు నా బల్ల కింద మడుగు కట్టాయి.

“బాబుగారూ, మీ గవ్వకి ఒంటి కన్నండి,” అంది.

“అంటే?”

“మా నాచు గుంపులో నూట నలభై మందిమండి. అందులో సరి నంబరోళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ కూడా చేపలు దొంగిలించి శిక్ష మీద వొచ్చినోళ్లు. మిగతా అందరం బేసే. ఒడ్డు పడవకి నేను ఇరవై ఆరుసార్లు పేరిచ్చానండి. ఒక్కసారీ రాలేదు.”

నేను నవ్వి, అది యాదృచ్ఛికం అని చెప్పాను.

“ఏంటండి అదీ?”

“దానంతటదే అలా జరగడం.”

“నాచు దానంతటదే గీక్కోదు కదండి,” అంది సూరాయమ్మ. లేచి చీర కొంగు పిండుకుని వెళ్లిపోయింది.

రిపోర్టు 4418. దాని మీద ‘లోపం కాదు’ అని రాసి మూసేశాను.

రిలీజ్‌కి 33 రోజులు

మూడు రోజులు ఆగాను. ఈ ఉదయం తీరిక లేకపోయినా, ఎవరూ లేనప్పుడు లక్ష చీటీలు తీసి చూశాను. సరి సంఖ్యలు తొంభై మూడు వేల నూట పద్దెనిమిది వచ్చాయి. ఎక్కడో వేలు జారి ఉంటుందనుకుని మళ్లీ తీశాను. తొంభై మూడు వేల నలభై. మూడోసారి తీయలేదు.

గణాంకాల ప్యాకేజీ మీద ఊరంతా బతుకుతోంది. ఎక్కువగా ఏవి వస్తున్నాయో ఒక్కరూ లెక్క పెట్టలేదు. చీటీని లెక్కపెట్టడం అపశకునం అని మా అమ్మ అనేది.

తాతబ్బాయిని పిలిచి చూపించాను.

“నా చెల్లెలు బడి పంతులమ్మ చీటీకి పదకొండు సార్లు పేరిచ్చిందండి,” అన్నాడు. “రాకపోతే దాని రాతే బాలేదని మా నాన్న తిట్టేవోడు.”

ఇద్దరం కలిసి కోడ్‌లో ఆ చోటు వెతికాం. అరగంటలో దొరికింది. ఒకటే లైను. భిన్నం వచ్చినప్పుడల్లా పక్కనున్న సరి సంఖ్యకి జరపమని ఉంది. పక్కన ఒక వ్యాఖ్య: ‘ప్రస్తుతానికి ఇలా కానిద్దాం. తర్వాత చూద్దాం.’ తేదీ ఇరవై ఆరేళ్ల కిందటిది. రాసిన వాడి పేరు తాతబ్బాయే ముందు చదివాడు.

ఆ పేరు నాదే.

పంతొమ్మిదేళ్ల వయసు నాకప్పుడు. ఆ మధ్యాహ్నం ఆకలేస్తోందనీ, తొందరగా ముగించి వంటశాలకి పరిగెత్తాననీ ఒక్కటే గుర్తుంది. ఈ ఇరవై ఆరేళ్లలో నేను మూడుసార్లు ఒడ్డుకి వెళ్లొచ్చాను. నా గదికి కిటికీ ఉంది. నంబరు 1462.

“నమ్మరండి,” అన్నాడు తాతబ్బాయి నెమ్మదిగా. “కావాలని చేశారంటారు.”

“నువ్వు నమ్ముతావా?”

“నాకు కొంచెం టైమివ్వండి,” అన్నాడు.

రిలీజ్‌కి 29 రోజులు

సవరణకి నాలుగు లైన్లు సరిపోయాయి. పెట్టి టెస్టులు నడిపితే ఐదు వేల తొంభై ఫెయిలయ్యాయి. మేం తప్పు చేశామనుకుని ఒక్కొక్కటే తెరిచి చూశాం. ప్రతి టెస్టులోనూ పాత గవ్వ ఇచ్చిన జవాబే సరైన జవాబుగా రాసిపెట్టి ఉంది.

“ఇవి టెస్టులు కావండి,” అన్నాడు తాతబ్బాయి. “పాత పొరపాటుకి తీసిన ఫొటోలు.”

రిపోర్టు 4418 తిరిగి తెరిచి, సూరాయమ్మకి కబురు పంపాను. నీళ్ల అడుగున ఉందనీ, భోజనాల వేళ తెలుస్తుందనీ జవాబొచ్చింది.

రిలీజ్‌కి 24 రోజులు

ఊరి కార్యదర్శి మంతెన విస్సంరాజు గారికి చెప్పక తప్పలేదు. ఆయన నంబరు 288. కుర్చీలో నిటారుగా కూర్చుని అంతా విన్నారు. విన్నాక నియమావళి తెరిచారు.

ప్రతి నెలా మొదటి శుక్రవారం ఊళ్లో పాత చీటీలన్నీ మళ్లీ తీస్తారు. చీటీ తీసిన తేదీ ఇస్తే గవ్వ అదే చీటీని మళ్లీ తీసి చూపిస్తుంది. వచ్చిన ఫలితం పాతదానితో సరిపోవాలి. సరిపోకపోతే ఆ నిర్ణయం రద్దు. ఇది మా ఊరికి చాలా గర్వకారణమైన నియమం. ఇంతవరకూ ఒక్కటీ రద్దు కాలేదు.

“అయితే కొత్త వెర్షన్ వచ్చిన శుక్రవారం నాడు ఊళ్లో గదులూ ఉద్యోగాలూ అన్నీ రద్దవుతాయన్న మాట,” అన్నారు.

“అవునండి.”

“పెళ్లిళ్లు?”

“అవి కూడానండి.”

నియమావళి మూశారు. “నాది తీసి చూడండి.”

తీశాను. ఆయన పెళ్లి చీటీలో కొత్త పద్ధతి ప్రకారం 613 వచ్చింది. జాబితాలో 613 ఎవరా అని చూస్తే, తూర్పు రేవులో నీటిమట్టం కొలిచే ఇనప కడ్డీ. ఎప్పుడో ఎవరో మనుషుల్నీ ఊరి ఆస్తుల్నీ ఒకే జాబితాలో ఎక్కించారు. బేసి నంబరు కావడం వల్ల ఆ కడ్డీ ఇంతకాలం ఎవరి పెళ్లిలోకీ రాలేదు.

విస్సంరాజు గారు అది రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇచ్చాను. కాగితం జేబులో పెట్టుకుని తూర్పు రేవు వైపు నడిచారు. ఆయన భార్య ఇందుమతి గారికి సాయంత్రానికి విషయం తెలిసింది.

“పాతికేళ్లుగా నేను చెబుతున్నవి వింటున్నారా?” అందట ఆవిడ. “ఆ కడ్డీ అయినా వింటుందేమో అడిగి చూడండి.”

రిలీజ్‌కి 20 రోజులు

విషయం మిగతా తేలే ఊళ్లకీ పాకింది. గవ్వ వాడే ఊళ్లు పదకొండు. ప్రతి ఊరి నుంచీ ఉత్తరాలు. ఒకరు సవరణ వద్దన్నారు. ఒకరు రెండేళ్లు ఆగమన్నారు. ఒకాయన సున్నా సరా బేసా తేలేదాకా ఏ వెర్షనూ రాకూడదని ముప్పై పేజీలు రాశాడు. గవ్వ మీద ఆధారపడి నడిచే కోడిగుడ్ల పంపకం ప్యాకేజీ తయారుచేసిన మనిషి నుంచి మాత్రం జవాబు లేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. నియమం ప్రకారం ఆయనకి రెండో నోటీసు కూడా పంపాను.

ఊళ్లో నాతో మాట్లాడేవాళ్లు తగ్గారు. సరి వాళ్లకి నేను ద్రోహిని. బేసి వాళ్లకి ఇరవై ఆరేళ్ల దొంగని. నీళ్ల కుళాయి దగ్గర క్యూలో నా ముందూ వెనకా చెరో మనిషి పట్టేంత ఖాళీ ఉంటోంది.

రిలీజ్‌కి 17 రోజులు

ఊరి సభ ఒక పరిష్కారం కనిపెట్టింది. గవ్వని ముట్టుకోనక్కర్లేదు. అందరి నంబర్లనీ రెండుతో హెచ్చించేస్తే చాలు. అప్పుడు అందరూ సరే. బేసి అనేవాడే ఉండడు. చప్పట్లు కొట్టి ఆమోదించారు.

నేను 2924 అయ్యాను. తాతబ్బాయి 1810. సూరాయమ్మ 3474.

“ఎలా ఉంది సరిగా ఉండడం?” అని తాతబ్బాయిని అడిగాను.

“బావుందండి. పొద్దున్నే ఒకాయన నమస్కారం పెట్టాడు,” అన్నాడు. “తర్వాత నంబరు నాలుగుతో పోతుందా అని అడిగాడు. పోదన్నాను. చెయ్యి దించేశాడండి.”

మధ్యాహ్నానికి ఊళ్లో రెండు కొత్త మాటలు పుట్టాయి: పుట్టుసరి, పెట్టుసరి. నాలుగుతో భాగించబడేవాడు పుట్టుసరి. కానివాడు పెట్టుసరి. సంబంధాలు అడిగేవాళ్లు భాగహారం చేసుకుని మరీ వస్తున్నారు.

రిలీజ్‌కి 14 రోజులు

హెచ్చించేముందు సభ నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. గవ్వ బేసి సంఖ్యల్ని తక్కువగా ఇస్తుంది, అసలు ఇవ్వకుండా ఉండదు. ఇప్పుడు ఊళ్లో బేసి నంబరు ఉన్న మనిషే లేడు. కాబట్టి నూటికి ఏడు చీటీలు ఎవరికీ కాకుండా పోతున్నాయి.

నిన్న కిటికీ గది ఒకటి 1187కి వచ్చింది. 1187 అనే మనిషి లేడు. అయినా గది కేటాయించారు కాబట్టి తాళం వేసి, ఎవరూ వెళ్లకుండా కాపలా పెట్టారు.

ఈ ఉదయం వంటపెద్ద చీటీ 3441కి వచ్చింది. వంటపెద్ద వచ్చి వెలిగిస్తే తప్ప పొయ్యి వెలగకూడదని నియమం. రెండు వేల మందికి పైగా కంచాలతో కూర్చున్నారు. విస్సంరాజు గారు మైకులో మూడుసార్లు పిలిచారు. “మూడు వేల నాలుగు వందల నలభై ఒకటి గారు ఎక్కడున్నా వంటశాలకి రావాలి!” రాలేదు. గైర్హాజరు వేసి, మందలింపు పత్రం రాసి, వంటశాల తలుపుకి అంటించారు.

రెండు గంటలకి పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. మూడింటికి సూరాయమ్మ తన గుంపుతో నీళ్లలోంచి పైకి వచ్చింది. తలుపు ముందు నిలబడి ఆ పత్రం పక్కవాళ్లతో చదివించుకుంది.

“లేని మనిషికి ఉత్తరం రాశారా?” అంది. “ఉన్నోళ్లం ఇరవై ఆరేళ్లు అడిగితే ఒక్క ముక్క రాయలేదు కదండి.”

నాచు గీకే పలకతో గొళ్లెం పెరికి, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఎవరూ ఆపలేదు. నూట నలభై మందీ కలిసి చేపల పులుసు వండారు. విస్సంరాజు గారు కూడా కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డారు. తినేశాక సభ కూడి, హెచ్చింపు రద్దు చేసింది. అందరి పాత నంబర్లూ అందరికీ వచ్చేశాయి.

రిలీజ్‌కి 9 రోజులు

దారి ఒకటి దొరికింది. కొత్త చీటీలన్నీ కొత్త పద్ధతిలో తీయాలి. పాత చీటీల్ని మళ్లీ తీసేటప్పుడు మాత్రం పాత పద్ధతిని పేరు పెట్టి పిలవాలి. గవ్వ అప్పుడు పాత జవాబే ఇస్తుంది. పెళ్లిళ్లు నిలుస్తాయి, గదులు నిలుస్తాయి, కడ్డీ రేవులో ఉంటుంది. విస్సంరాజు గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు.

సూరాయమ్మ మాత్రం ఊరుకోలేదు.

“అంటే నెలనెలా నా ఇరవై ఆరేళ్లూ మళ్లీ తీసి, సరిపోయింది అని ముద్రేస్తారన్న మాట,” అంది.

“రద్దు చేస్తే అందరి సంసారాలూ పోతాయండి.”

“పొమ్మనట్లేదు బాబూ. మావోడి పెళ్లీ అందులోనే ఉంది. ఆ పద్ధతికి ఏం పేరు పెడుతున్నారు?”

విస్సంరాజు గారు ‘సంప్రదాయ పద్ధతి’ అని సూచించారని చెప్పాను. నేను కాగితం మీద ‘పాత పద్ధతి’ అని రాసుకున్నాను.

“పాతది అంటే ఏంటండి? నేనూ పాతదాన్నే. దాని పేరు తప్పు. తప్పు అనే పెట్టండి.”

గదిలో ముగ్గురమే ఉన్నాం. తాతబ్బాయి కీబోర్డు మీద చేతులుంచి నా వైపు చూస్తున్నాడు. ఆ లైను కింద నా పేరుందన్న సంగతి ఊళ్లో సగం మందికి ఇంకా ఖాయంగా తెలియదు. పేరు మెత్తగా ఉంటే ఎవరూ వెతకరు. ‘తప్పు’ అని ఉంటే, ఎవరి తప్పు అని అడుగుతారు.

“తప్పు అనే పెట్టు,” అన్నాను.

తాతబ్బాయి టైపు చేశాడు. చేశాక, “టైమిమ్మని అడిగాను కదండి,” అన్నాడు. “ఇంక అక్కర్లేదు లెండి.”

రిలీజ్‌కి 3 రోజులు

మార్పుల జాబితాలో మొదటి అంశం ఇది. ఆరుసార్లు రాసి కొట్టేశాక మిగిలింది:

‘చీటీ ఫంక్షన్ సరి సంఖ్యల వైపు మొగ్గే లోపాన్ని సరిదిద్దాం. లోపం రాసినది గుబ్బల నరసింగరావు, 1462. కనిపెట్టినది రేకాడి సూరాయమ్మ, 1737. ఆమె చెప్పినప్పుడు లోపం కాదని రిపోర్టు మూసేసినది కూడా గుబ్బల నరసింగరావే. పాత చీటీలు మళ్లీ తీయాలంటే పద్ధతి = “తప్పు” అని ఇవ్వాలి. అప్పుడు ఫలితం పైన “తప్పు ప్రకారం సరిపోయింది” అని వస్తుంది.’

విస్సంరాజు గారు చివరి వాక్యం రెండుసార్లు చదివారు. “మా పెళ్లి పత్రం మీద కూడా ఇలాగే వస్తుందా?” అన్నారు.

“వస్తుందండి.”

“ఇందుమతికి నచ్చుతుంది,” అన్నారాయన దిగులుగా. సంతకం పెట్టారు.

రిలీజ్ రోజు

ఉదయం పది గంటలకి గవ్వ 7.0 విడుదలైంది. టెస్టులు అన్నీ పాస్. వాటిలో ఐదు వేల తొంభై, తప్పు ప్రకారం పాస్. కోడిగుడ్ల పంపకం ప్యాకేజీ ఒక్కటే పనిచేయలేదు. దాని యజమానికి మూడో నోటీసు వెళ్లింది.

పదకొండింటికి కొత్త గవ్వతో మొట్టమొదటి చీటీ: ఒడ్డు పడవ, పన్నెండు మంది. ఊరంతా పై అంతస్తు మీదికి ఎక్కింది. నాచు గుంపు మొదటిసారి ముందు వరుసలో కూర్చుంది. మీట నొక్కింది తాతబ్బాయి. విస్సంరాజు గారు ఒక్కొక్కటే చదివారు. 71. 2016. 1333. చదివిన ప్రతి బేసికీ వెనక ఎక్కడో ఒక అరుపు. 905 అన్నప్పుడు తాతబ్బాయి తెరని కాకుండా తన చేతుల్ని చూసుకున్నాడు. పదకొండు అయ్యేసరికి ఏడు బేసి, నాలుగు సరి. 1737 ఇంకా రాలేదు. సూరాయమ్మ కళ్లు మూసుకుని ఉంది.

“పన్నెండు,” అన్నారు విస్సంరాజు గారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. “వెయ్యిన్నీ నాలుగు వందల అరవై రెండు.”

కింద అలలు ఊరి అడుగుని కొడుతున్న చప్పుడు వినిపించింది. నేను లేచి నిలబడ్డాను.

“నాకొద్దు,” అన్నాను. “నా పేరు తీసేయండి. నా బదులు సూరాయమ్మగారు వెళ్తారు.”

కొందరు తలలూపారు. విస్సంరాజు గారు నియమావళి కోసం తడుముకున్నారు. ఈలోగా సూరాయమ్మ కళ్లు తెరిచింది.

“కూర్చోండి బాబూ,” అంది. “చీటీ సక్రమంగా వొచ్చిందా?”

“వచ్చిందండి,” అన్నాడు తాతబ్బాయి. “మూడుసార్లు చూశాను.”

“అయితే చేత్తో దిద్దుతారేంటండి? మళ్లీ మొదటికొస్తాం కదా. ఇవాళ నా కోసం దిద్దుతారు, రేపు ఇంకోడు ఇంకోడి కోసం దిద్దుతాడు. ఎల్లండి మీరు. నాకు రాలేదు, అంతే.”

సభ అయిపోయాక మెట్ల దగ్గర ఆమెని ఆపాను. బాధగా ఉందా అని అడిగాను. అడగకూడని ప్రశ్న.

“ఉండదేంటండి? ఏడుపొచ్చింది,” అంది. “కానీ ఇన్నాళ్లూ రాకపోతే నాలోనే ఏదో ఉందనుకునేదాన్ని. ఇవాళ రాలేదంటే రాలేదు.” నడుముకి తాడు బిగించుకుంది. “పడమటి పక్క నాచు బాగా పేరుకుందండి. ఎల్తాను.” మెట్లు దిగి నీళ్లలోకి జారిపోయింది.

రిలీజ్ తర్వాత 2 రోజులు

ఒడ్డు చేరాం. బేసి వాళ్లు ఏడుగురిలో ఇంతకుముందు నేలని తొక్కినవాడు ఒక్కడూ లేడు. పడవ ఆగగానే అందరికంటే ముందు తాతబ్బాయి దూకాడు. రెండడుగులు వేశాడు. ఊగని చోట నిలబడటం తెలియక, లేని అల కోసం కాలు చాపి, ఇసుకలో చతికిలబడ్డాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. తక్కిన ఆరుగురూ అతని చుట్టూ ఒక్కొక్కరే కూలబడ్డారు. దూరం నుంచి ఒక కుక్క వచ్చి మా అందరినీ చూసి మొరిగింది.

“ఇదేంటండి, కదలట్లేదు!” అన్నాడు తాతబ్బాయి, రెండు చేతులతో నేలని పట్టుకుని.

“కాసేపు అలాగే కూర్చో. అలవాటవుతుంది.”

“మీకెలా తెలుసండి?”

“నేను మూడుసార్లు వచ్చాను కదా,” అన్నాను. అన్న తర్వాతే ఆ మాట నాకు వినపడింది.

తాతబ్బాయి తలెత్తి నా మొహంలోకి చూశాడు. కుక్క మొరగడం మానేసి, పక్కకి వచ్చి అతని చెయ్యి వాసన చూసింది. అతను ఆ చేతిని దాని ముందు నుంచి తీసుకుని, లేపమని నా వైపు చాచాడు.